నివేదిత నేర్చిన పాఠములు

ఐర్లండు దేశపు ఉత్తరభాగమున డంగన్నన్ అను చిన్న పట్టణము కలదు. 1867వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీన మార్గరెట్ ఎలిజబెత్ నోబుల్ ఆ పట్టణమున జన్మించెను. తండ్రి శామ్యూల్ నోబుల్ క్రైస్తవ మతబోధకుడు. మార్గరెట్టునకు పదియేండ్ల ప్రాయమప్పుడు ఆయన మరణించెను. తల్లికి తండ్రియైన హామిల్టన్ ఐర్లండు స్వపరిపాలనకై పాటుపడినవారిలో ఒకడు. ఆమె ఇంగ్లండులోని హాలిఫాక్సునందు విద్య ముగించి, 1884లో, పదునేడవ యేటనే ఉపాధ్యాయిని అయ్యెను.

ఆ కాలమున ఐరోపాలో శిశువిద్యనుగూర్చి క్రొత్త భావములు వ్యాపించుచుండెను. పెస్టలోజీ, ఫ్రోబెల్ అను విద్యావేత్తలు పిల్లలకు బెత్తముతో గాక ఆటపాటలతో చదువు చెప్పవలెనని బోధించిరి. బాలునకు ఇదివరకే తెలిసినదానినుండి తెలియనిదానికి నడిపింపవలెనుగాని, తెలియని విషయమును వాని నెత్తిన కుమ్మరింపరాదని వారి సిద్ధాంతము. మార్గరెట్ ఈ పద్ధతిని శ్రద్ధతో అభ్యసించి, లండను నగరమునకు చేరువనున్న వింబుల్డన్‌లో సొంతముగా ఒక పాఠశాలను నెలకొల్పెను. ఆమె మంచి వక్త. పత్రికలకు వ్యాసములు వ్రాయునది. ఏ విషయమునైనను తర్కించి చూచినగాని అంగీకరించునది కాదు.

1895 నవంబరులో లండనులోని ఒక గృహమున స్వామి వివేకానందుని ఉపన్యాసమును ఆమె మొదటిసారి వినెను. వినినంతనే శిష్యురాలు కాలేదు. ఆయన చెప్పినదానిలో క్రొత్త యేమున్నదని మొదట అనుకొనెను. మరల మరల పోయి వినెను, ప్రశ్నించెను, వాదించెను. తుదకు ఆయన బోధలకంటె ఆయన సత్యనిష్ఠయే ఆమెను జయించెను. భారతదేశమున బాలికలకు విద్య గఱపువారు కావలెనని ఆయన చెప్పగా, తాను వచ్చెదనని ఆమె మాట యిచ్చెను. ఆయన తొందరపడి ఆహ్వానింపలేదు. ఇక్కడి దారిద్ర్యమును, మూఢవిశ్వాసములను, ఎండలను ఉన్నవున్నట్లు జాబులో వ్రాసెను. తెల్లవారని భయపడియో ద్వేషించియో ఇక్కడి ప్రజలు దూరముగా నుందురనియు, తెల్లవారేమో ఆమెకు మతి చలించినదని తలతురనియు, పట్టణముల వెలుపల ఐరోపీయుల సౌఖ్యము లొక్కటియు దొరకవనియు హెచ్చరించెను. వీని నన్నిటిని చదివియు ఆమె బయలుదేరెను. 1898 జనవరి 28న ఓడ కలకత్తా రేవు చేరినప్పుడు స్వామి స్వయముగా వచ్చి ఆమెను ఎదుర్కొనెను.

పదునాలుగేండ్లు ఉపాధ్యాయినిగా పని చేసిన తనకు ఒక యిల్లును కొందఱు బాలికలును దొరకిన చాలుననియు, పాఠశాలను వెంటనే తెఱవవచ్చుననియు మార్గరెట్ తలంచియుండవచ్చును. స్వామి అట్లు తలంపలేదు. ఏ జనులకు సేవ చేయవచ్చెనో ఆ జనుల నడవడి తెలియక ఆమె చేయు సేవ యెట్లుండును? వారు ఎట్లు కూర్చుందురు, ఎట్లు భుజింతురు, దేనిని పవిత్రముగా నెంతురు, దేనికి నొచ్చుకొందురు అను సంగతులు ఎఱుగనివారు ఎంత మంచి మనసుతో వచ్చినను పరాయివారే యగుదురు. కావున పాఠశాల మాట అటుంచి, మొదట ఉపాధ్యాయినియే విద్యార్థిని కావలసి వచ్చెను. ఆ శిక్షణము పదినెలలు సాగెను.

బేలూరులో గంగ యొడ్డున మఠమునకై క్రొత్తగా కొన్న స్థలములో ఒక పాతయిల్లుండెను. మార్గరెట్టును, సారా బుల్, జోసఫిన్ మెక్లౌడ్ అను ఇరువురు అమెరికా వనితలును అందు బసచేసిరి. ఉదయమున స్వామి వచ్చి చెట్టుక్రింద కూర్చుండి పురాణగాథలు, రాజుల చరిత్రలు, పండుగలు, వ్రతములు, పల్లెటూళ్ల అలవాట్లు మొదలగువానిని గంటలకొలది చెప్పుచుండెను. ఆమె వంగభాషను నేర్చుకొనుటకు మొదలుపెట్టెను. మార్చి 17న శ్రీరామకృష్ణ పరమహంస ధర్మపత్ని శారదాదేవిని ఆ మువ్వురును దర్శించిరి.

ఆ దర్శనము యొక్క విశేషము నేటి బాలబాలికలకు తెలియుటకు ఒక సంగతి చెప్పవలెను. ఆ దినములలో ఆచారవంతుల యిండ్లలో విదేశీయులను వంటయింటి దరికి రానిచ్చెడివారు కారు. వారు తాకిన నీరు త్రాగెడివారు కారు. వారితో సహపంక్తి భోజనము మాటయే లేదు. ఈ తాకుడు నియమములు పరదేశీయులకంటె మన దేశమువారినే ఎక్కువగా బాధించినవి. వానిని మెచ్చుకొనవలసిన పని లేదు. కాని ఆ కాలమున వానిని మీఱినవారు బంధువుల నిందకు గుఱికావలసి యుండెను. శారదాదేవి పల్లెటూరి బ్రాహ్మణ వితంతువు. ఇంగ్లీషు ఒక్క ముక్క తెలియనిది. ఆమె ఆ పరదేశపు స్త్రీలను బిడ్డలవలె ఆదరించి, వారితో కలసి ఆహారము తీసికొనెను. ఈ వార్త విని స్వామియే ఆశ్చర్యపడెను. మార్గరెట్ ఆ దినమును తన జీవితములో మేలైన దినముగా లెక్కించుకొనెను.

మార్చి 25న స్వామి ఆమెకు బ్రహ్మచర్య దీక్షనిచ్చి నివేదిత అని పేరు పెట్టెను. నివేదిత యనగా భగవంతునికి సమర్పింపబడినది. పేరు మాఱినంతనే మనసు మాఱునా? దీక్ష యైన మఱునాడు స్వామి, నీవిప్పుడు ఏ జాతిదానవని ఆమెను ప్రశ్నించెను. ఆమె బ్రిటిషు జెండాయందు తనకు గల భక్తిని దాచలేదు. మన దేశపు స్త్రీ ఇలవేల్పునందు ఎంత భక్తి చూపునో, ఆమెకు ఆ జెండాయం దంత భక్తి యుండెను. ఆ యుత్తరము విని ఆయన విస్తుపోయెను.

మే నెలలో అందఱును హిమాలయ ప్రాంతములకు ప్రయాణమై అల్మోరా చేరిరి. నివేదితకు అసలైన పరీక్ష యిక్కడ జరిగెను. ప్రతి ఉదయమును స్వామి వచ్చి సంభాషణకు కూర్చుండెడివాడు. ఏ మాట వచ్చినను అది తుదకు ఆమె నమ్మకములమీది దాడిగా పరిణమించుచుండెను. ఇంగ్లండు చరిత్రయందును, ఐరోపా నాగరకతయందును ఆమెకు గల అభిమానములన్నియు ఒక్కొక్కటిగా విమర్శకు గుఱి యయ్యెను. తన దేశపు కొలబద్దతో పరదేశమును కొలుచుట తగదని ఆయన చెప్పదలచిన విషయము. కాని ఆయన దానిని మెత్తని మాటలతో చెప్పలేదు. ఆమెయు తలవంచి ఊరకుండునది కాదు. సర్వమును వదలుకొని వచ్చిన తనకు గురువునుండి లభించుచున్నది ఈ కాఠిన్యమా యని ఆమె కుమిలిపోయెను. తిరిగి పోవలెనని మాత్రము ఆమె అనుకొనలేదు. తాను చేయవచ్చిన సేవకును ఈ వాదములకును సంబంధ మేమో ఆమెకు తెలియకుండెను.

ఇట్లు కొన్ని వారములు గడచెను. చూచి సహింపలేక, కూడ నున్న పెద్దావిడ యొకతె స్వామితో మాటలాడెను. ఆయన మౌనముగా విని వెడలిపోయెను. సాయంకాలము మరల వచ్చినప్పుడు వారందఱును వసారాలో నుండిరి. ఆకసమున నెలవంక కనిపించుచుండెను. ముసల్మానులు నెలవంకను ఎంతో గౌరవింతురనియు, ఆ నెలవంకతో తామును క్రొత్త జీవితమును ప్రారంభింతమనియు పలికి, పాదములచెంత మోకరిల్లిన నివేదిత శిరస్సుపై చేయుంచి దీవించెను. హిందూ సన్న్యాసి, క్రైస్తవ కుటుంబమున పుట్టిన శిష్యురాలు, ముసల్మానుల నెలవంక! అల్మోరా పాఠము ఆ రాత్రితో ముగిసెను. అటుపిమ్మట ఆమె ఈ దేశమును వాదములోని ప్రతిపక్షమువలె చూడక, పసిబిడ్డ తనయింటిని చూచినట్లు చూడ నేర్చెను. ఆ దినములలోనే స్వామి స్వరూపానందుడు ఆమెకు వంగభాషను, భగవద్గీతను చెప్పుచుండెను.

అల్మోరానుండి వారు కాశ్మీరమునకు పోయిరి. ఆ సంవత్సరము స్వామి అమరనాథ యాత్రకు పోవుచు నివేదితను వెంట తీసికొనిపోయెను. వేలకొలది యాత్రికులు, సాధువులు గుడారములతో కదలుచుండిరి. ప్రతి మజిలీయందును సాయంకాలమునకు ఒక ఊరు వెలసి, తెల్లవారునప్పటికి మాయమగుచుండెను. పరదేశీయురాలి గుడారము తమ గుడారముల నడుమ నుండరాదని కొందఱు సాధువులు మొదట అభ్యంతరము చెప్పిరి. స్వామికి కోపము వచ్చెను గాని, ఒక సాధువు నెమ్మదిగా నచ్చజెప్పగా గుడారమును దూరముగా వేయించెను. కొలది దినములలోనే ఆ సాధువుల మనసు మాఱెను. చందనవాడి చెంత మంచు దారిలో ఎక్కవలసి వచ్చినప్పుడు, తక్కిన యాత్రికులవలె నివేదితయు నడచియే ఎక్కవలెనని స్వామి పట్టుపట్టెను. ఆగస్టు 2న వారు గుహను చేరిరి. మంచులింగమును దర్శించి స్వామి పరవశుడయ్యెను. నివేదితకు మాత్రము అట్టి అనుభవ మేమియు కలుగలేదు. ఆమె ఆ నిరాశను దాచుకొనక ఆయనతో చెప్పివేసెను. యాత్ర చేసితివి, దాని ఫలము కాలక్రమమున కలుగునని ఆయన ఆమెను ఓదార్చెను. చూచినదానిని చూచినట్లు, కలుగనిదానిని కలుగలేదని చెప్పుట ఆమె స్వభావము.

నవంబరు మాసారంభమున నివేదిత ఒంటరిగా కలకత్తా చేరి బాగ్‌బజారునందలి శారదాదేవి యింటికి నేరుగా పోయెను. ఆ యింట కొందఱు వృద్ధ వితంతువులు కాపురముండిరి. తన రాక వారికి ఎంత యిబ్బంది కలిగించునో ఆమెకు అప్పుడు తెలియదు. శారదాదేవి ఆమెకు ఒక గది యిచ్చి ఆదరించెను. దూరముననున్న పల్లెలోని బంధువులు దీనికై తమ యాతిథేయిని ఎంత నిందింతురో పిదప తెలిసికొని నివేదిత మిక్కిలి నొచ్చుకొనెను. ముందే తెలిసిన అట్లు చేసియుండనని ఆమె తరువాత ఒప్పుకొనెను. కొలది దినములకు చేరువనే బోసుపాడా సందులో 16వ నెంబరు ఇల్లు కుదిరెను. అయినను మధ్యాహ్నములు శారదాదేవి గదిలోనే గడపుచుండెను. వేసవి రాగా ఆమె యాజ్ఞచేత రాత్రులు నిదురించుటకును అక్కడికే పోవుచుండెను.

ఆ యింటి దినచర్యయే నివేదితకు పాఠ్యగ్రంథ మయ్యెను. వరుసగా చాపలు పఱచి స్త్రీలందఱును నేలపై పండుకొనెడివారు. తెల్లవాఱుటకు ముందే ఒకరి వెనుక నొకరు చప్పుడు కాకుండ లేచి, పక్క చుట్టివేసి, గోడవైపు తిరిగి కూర్చుండి జపమాలలు త్రిప్పెడివారు. పిదప గదులు తుడుచుట, స్నానములు, పూజ. పూజాగృహమున నైవేద్యమైన తరువాత భోజనములు. సందె వేళ దీపములు వెలుగగానే వీథివీథియంతయు శంఖధ్వనులు వినవచ్చుచుండెను. పెద్దలకు పాదములంటి నమస్కరించుట, నేలపై కూర్చుండి చేతితో భుజించుట, పూజాద్రవ్యములను ఎడముగా నుంచుట మొదలగువానిని ఎవ్వరును ఆమెకు పాఠముగా చెప్పలేదు. ఆమె చూచి నేర్చెను. తప్పు చేసినప్పుడు ఆ వృద్ధురాండ్రు నవ్వి సరిదిద్దుచుండిరి.

తన యింటిలో ఆమెకు మఱియొక గురువు లభించెను. ఆమె ముదుసలి పనికత్తె. వంటయింట అడుగు పెట్టరాదు, పొయ్యిని తాకరాదు, నీళ్లకుండను ముట్టరాదు అను నియమముమీదనే ఆమె పనికి కుదిరెను! జీతమిచ్చు యజమానురాలు తన వంటయింటిలోనికి తాను పోరాదు. ఇంగ్లండులో నైనచో నివేదిత అట్టి నియమమును ఒక్క క్షణము సహించునది కాదు. బోసుపాడా సందులో నవ్వుచు అంగీకరించెను. తన యభిమానముకంటె ఆ ముదుసలి మనశ్శాంతియే ఆమెకు ముఖ్యమయ్యెను. నియమమును మార్పవలెనన్నచో ముందు ఆ యింటివారి నమ్మకమును గెలువవలెనని ఆమె గ్రహించెను.

1898 నవంబరు 13న, కాళీపూజనాడు, బోసుపాడా సందులోని యింట బాలికా పాఠశాల ప్రారంభమయ్యెను. శారదాదేవి వచ్చి పూజచేసి దీవించెను. ఇరుగుపొరుగుల పసిపిల్లలే మొదటి విద్యార్థినులు. ఇంగ్లండునుండి తెచ్చిన ఆటవస్తువులు, పాఠములు ఇక్కడ చెల్లవని నివేదితకు పదినెలల శిక్షణము బోధించియుండెను. పండుగ దినములలో వంగదేశపు స్త్రీలు తడిపిన బియ్యపు పిండితో నేలపై తీగలు, పద్మములు చిత్రింతురు. ఆలిపన మని దానిపేరు, మన ముగ్గువంటిదే. ఆ పిల్లల వ్రేళ్లకు అది పుట్టుకతో వచ్చిన విద్య. నివేదిత దానినుండియే చిత్రలేఖనమును నేర్పెను. మట్టిబొమ్మలు చేయించెను, కుట్టుపని నేర్పించెను. తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెనను ఫ్రోబెల్ మార్గము ఇక్కడ క్రొత్త రూపము తాల్చెను. కాని ధనము లేదు. పదేండ్లు నిండకుండగనే బాలికలకు పెండ్లిండ్లు చేసి బడి మానిపించువారు కొందఱు. పాఠశాల పలుమాఱు ఆగి సాగెను.

మఱుసటి వసంతమున కలకత్తాలో ప్లేగు వ్యాపించెను. 1899 మార్చి 31న రామకృష్ణ మిషనువారు సహాయకార్యమును ప్రారంభించిరి. నివేదిత కార్యదర్శిని; స్వామి సదానందుడు మురికివాడలను శుభ్రపఱచు పనివారికి నాయకుడు. ధనసహాయమునకై ఆమె పత్రికలలో విన్నపములు ప్రకటించెను. విద్యార్థులను సేవకు పిలిచెను. ఒకనాడు ఆమెయే చీపురు పట్టి వీథి నూడ్చుచుండగా, చూచుచున్న యువకులు సిగ్గుపడి చీపురు నందుకొనిరి. ఒక పూరిగుడిసెలో ప్లేగు తగిలిన బాలు డుండెను. డాక్టరు రాధాగోవింద కర్ చూడబోవునప్పటికి, ఆ తడినేలపై ఆమె బాలుని ఒడిలో నుంచుకొని కూర్చుండి యుండెను. అంటురోగమని ఆయన హెచ్చరించినను ఆమె కదలలేదు. గుడిసెకు సున్నము వేయవలసి యుండగా చిన్న నిచ్చెన యెక్కి తానే వేసెను. బాలుడు ఆమెను తన తల్లియని భ్రమించి పిలుచుచు, రెండు దినములకు ఆ యొడిలోనే కన్నుమూసెను. తాకినచో మైలపడుదుమని సంకోచించిన వీథియే ఆమెకు గుడిసె తలుపులు తెఱచెను. ఆ పదినెలల శిక్షణమే లేనిచో ఆ తలుపులు ఆమెకు తెఱచియుండునా?

ధనము కూర్చుటకై ఆమె 1899 జూనులో పాశ్చాత్య దేశములకు పోయి, 1902 ప్రారంభమున మరల వచ్చెను. ఆ సంవత్సరము జూలై 2న బేలూరు మఠమునకు పోగా, ఏకాదశి యుపవాసములో నున్న స్వామి ఆమెకు తానే భోజనము వడ్డించెను. అన్నము, ఉడికించిన పనసగింజలు, బంగాళాదుంపలు, చల్లని పాలు. భోజనానంతరము ఆమె చేతులకు నీళ్లు పోసి తుండుగుడ్డతో తుడిచెను. ఇది శిష్యురాలైన తాను గురువునకు చేయవలసిన పని యని ఆమె వారింపగా, యేసుక్రీస్తు తన శిష్యుల పాదములు కడిగిన సంగతిని ఆయన జ్ఞాపకము చేసెను. అది క్రీస్తు జీవితములోని చివరి దినములలో జరిగినదను మాట ఆమె పెదవులవఱకు వచ్చి ఆగిపోయెను. జూలై 4వ తేదీ రాత్రి స్వామి దేహము చాలించెను. మఱునాడు మధ్యాహ్నమువఱకు ఆమె ఆ దేహముచెంత కూర్చుండి వింజామరతో విసరుచుండెను.

ఆమె నేర్చుట మానలేదు. ఇతరులును ఆమెనుండి నేర్చుకొనిరి. ఒక ఈస్టరు పండుగనాడు శారదాదేవి పరివారముతో ఆమె యింటికి వచ్చి, క్రైస్తవుల పాటలు వినగోరెను. పిదప వారి వివాహ మెట్లు జరుగునో చూడవలెననెను. అప్పటికి అమెరికానుండి వచ్చి పాఠశాలలో పని చేయుచున్న సోదరి క్రిస్టీనును, నివేదితయు కలసి ఆ వేడుకను నటించి చూపిరి. కలిమియందును లేమియందును, ఆరోగ్యమందును రోగమందును మరణపర్యంతము తోడుండుదుమను వధూవరుల ప్రమాణము విని శారదాదేవి ఆనందపడి, దానిని మరల మరల చెప్పించుకొనెను.

శారదాదేవి పరివారములో గోపాలుని తల్లి యని అందఱును పిలుచు వృద్ధ బ్రాహ్మణ వితంతు వుండెను. ఆమె అసలు పేరు అఘోరమణీదేవి. బాల్యముననే భర్తను గోల్పోయి, గంగ యొడ్డున ఒక చిన్న గదిలో జపము చేయుచు, ఆచారములో రవ్వంతయు తప్పక దశాబ్దములు గడపినది. వార్ధక్యమున ఆమె రోగపీడితురాలు కాగా నివేదిత తన యింటికి తెచ్చుకొనెను. ఆమె యాచారమునకు భంగము కలుగకుండ భోజనపు టేర్పాటు వేఱుగా చేసి, రెండేండ్లకు పైగా కన్నతల్లికివలె ఉపచారములు చేసెను. 1906 జూలైలో ఆమెకు అంత్యకాలము సమీపించెను. నాటి ఆచారము ననుసరించి ఆమెను గంగ యొడ్డునకు చేర్పవలసి వచ్చెను. నివేదిత తన చేతులతో ఆ మంచమును పూలతో అలంకరించి, పాదరక్షలు లేకుండ, కన్నీరు కార్చుచు వెంట నడచెను. జూలై 8న ఆ వృద్ధురాలు గంగాతీరమున ప్రాణము విడిచెను.

ఆ సంవత్సరమే తూర్పు వంగదేశమున వఱదయు కఱవును సంభవింపగా, నివేదిత పడవలపై గ్రామగ్రామము తిరిగెను. అక్కడినుండి తెచ్చుకొన్న జ్వరము ఆమె యారోగ్యమును క్రుంగదీసెను. అయినను ఆమె లేఖిని ఆగలేదు. మన కుటుంబ జీవనమునుగూర్చి ఆమె వ్రాసిన పెద్ద గ్రంథము 1904లోనే వెలువడియుండెను. శాస్త్రజ్ఞుడైన జగదీశచంద్ర బోసునకు గ్రంథరచనలో తోడ్పడెను. దేశస్వాతంత్ర్యముకొఱకు నిర్భయముగా వ్రాసెను, మాటలాడెను. ఒకనాడు బ్రిటిషు జెండాను ఇలవేల్పువలె కొలిచినది ఈమెయే.

1911లో బోసు దంపతులతో డార్జిలింగునకు పోయి అక్కడ వ్యాధిగ్రస్తురాలయ్యెను. తనకు గల ధనమును, గ్రంథముల హక్కులను భారతదేశపు బాలికల విద్యకై వినియోగింపవలెనని మరణశాసనము వ్రాయించెను. అక్టోబరు 13వ తేదీ ఉదయమున ఆమె కన్నుమూసెను. నలుబదినాలుగేండ్లు నిండుటకు రెండువారములు తక్కువ. ఆనాటి మధ్యాహ్నము డార్జిలింగు వీథులలో పురజనులు వెంటరాగా ఊరేగింపు సాగెను. డంగన్నన్ పట్టణపు మతబోధకుని కుమార్తెకు హిందూ సంప్రదాయానుసారముగా దహనసంస్కారము జరిగెను.